గుల్లల డబ్బా, 121 డిగ్రీలు

ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే ఇసుకలో నిలువుగా దిగబడి బతికే గుల్ల ఒకటుంది. పేరు రేజర్ క్లామ్. స్పెయిన్‌లో నవాహా అంటారు. మడిచిపెట్టిన పాతకాలపు మంగలికత్తిలా సన్నగా, పొడుగ్గా, కొంచెం వంపుతో ఉంటుంది. రెండు చిప్పల మధ్య కింది కొసన బలమైన కండ. దాన్నే పాదం అంటారు. పై కొసన నీళ్లు పీల్చి వదిలే గొట్టాలు ఉంటాయి. పీల్చిన నీళ్లలోంచి కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలను వడపోసుకుని తింటుంది. అలికిడి అయితే చాలు, మన కళ్ల ముందే ఇసుకలోకి జారిపోతుంది.

ఆ జారిపోవడంలో పెద్ద భౌతికశాస్త్రమే ఉంది. అమెరికా తూర్పు తీరంలో ఉండే జాతి సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున, 70 సెంటీమీటర్ల లోతు దాకా దిగగలదు. దాని కండ లాగే బలం మాత్రం కిలో బరువు ఎత్తేటంతే. తడి ఇసుక బిగుసుకుని ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఆ ఇసుకలో అంత బలంతో ఒకటి రెండు సెంటీమీటర్లు దిగడమే కష్టం. మరి గుల్ల ఎలా దిగుతోంది? మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో ఏమస్ వింటర్, ఆనెట్ హోసోయ్ బృందం ఈ ప్రశ్న పట్టుకుని, 2012లో జవాబు ప్రచురించింది. గుల్ల ముందు పాదాన్ని కిందకి చాస్తుంది. తర్వాత చిప్పలను ఒక్కసారిగా దగ్గరికి లాక్కుంటుంది. అప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒంట్లోని ద్రవం పాదంలోకి తోసుకెళ్లి పాదం ఉబ్బి, ఇసుకలో లంగరులా నాటుకుంటుంది. చిప్పల చుట్టూ ఖాళీ ఏర్పడి, అందులోకి నీళ్లు చొరబడి, పక్కనున్న ఇసుక కాసేపు ఊబిలా పలచబడుతుంది. ఆ ఊబిలోంచి పాదం చిప్పలను కిందకి లాగేస్తుంది. మళ్లీ చిప్పలు విచ్చుకుంటాయి, మళ్లీ పాదం చాస్తుంది. ఈ పద్ధతిని అనుకరిస్తూ ఆ బృందం రోబోక్లామ్ అనే యంత్రాన్నే తయారుచేసింది. సముద్రం అడుగున లంగర్లు దింపడానికి, కేబుళ్లు పాతడానికి ఇలాంటిది పనికొస్తుందన్నది వాళ్ల ఆలోచన.

మెదడంటూ చెప్పుకోదగ్గది లేని జీవి, తన బలం చాలని చోట ఇసుక స్వభావాన్నే మార్చుకుని దారి చేసుకుంటోంది. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా అబ్బురమే.

ఇంత లోతుకు పారిపోయే గుల్లను పట్టడానికి తీరవాసులకు తెలిసిన చిట్కా చాలా పాతది. పోటు తీసినప్పుడు ఇసుక మీద దాని బొరియ కనిపిస్తుంది. అందులో చారెడు ఉప్పు పోస్తే, ఒక్కసారిగా పెరిగిన ఉప్పదనాన్ని భరించలేక గుల్ల తనంతట తనే పైకి తోసుకొస్తుంది. స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న గలీసియాలో ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి అడుగుకు మునిగి, ఒక్కొక్క గుల్లనూ చేత్తో లాగి తెస్తారు. ఇనుప పళ్ల వలతో గీరితే పని తొందరగా అవుతుంది కానీ చిప్పలు పగిలి, లోపల ఇసుక చేరి, సరుకు పాడవుతుంది. పది సెంటీమీటర్ల కన్నా చిన్నదాన్ని పట్టకూడదని ఐరోపా సమాఖ్య నియమం. స్పెయిన్‌లో ఈ గుల్ల ఖరీదైన రుచుల్లో చేరడానికి సగం కారణం ఈ చేతిపనే.

మిగతా సగం అక్కడి సముద్రానిది. గలీసియాలో సముద్రం లోయల్లోకి చొచ్చుకొచ్చి రియాలనే పొడవాటి అఖాతాలు ఏర్పడ్డాయి. వేసవిలో ఉత్తరపు గాలులు పై నీటిని సముద్రంలోకి నెట్టేస్తే, అడుగునుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. వాటితో పాటు నత్రజని, భాస్వరం లవణాలూ వస్తాయి. నాచు కణాలు విరివిగా పెరుగుతాయి, గుల్లలకు కడుపునిండా తిండి. మన విశాఖపట్నం తీరంలోనూ ఇలా అడుగునీరు పైకి రావడం ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన యూజీన్ లాఫాండ్ దాన్ని మొదట పరిశీలించినవారిలో ఒకరు. అయితే గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చిపోసే మంచినీళ్లు బంగాళాఖాతం పైన తేలికపాటి పొరలా పరుచుకుని, కింది నీటిని అంత తేలిగ్గా పైకి రానివ్వవు.

తెలుగువాళ్లకు గుల్లలు కొత్తేమీ కాదు. కాకినాడ అఖాతంలో, కోరింగ మడ అడవుల పక్కన బురదలో, రకరకాల గుల్లలు ఏరేవాళ్లున్నారు. వాటిని కాల్చి సున్నం చేయడం తీరం పొడవునా ఉన్న వృత్తి. అక్కడి బ్లడ్ క్లామ్ అనే ఎర్రమాంసపు గుల్ల పెంపకం మీద కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే ప్రయోగాలు చేశారు. తెలంగాణ చెరువుల్లో దొరికే మంచినీటి ఆల్చిప్పతో మామిడికాయ చెక్కు తీసిన ఇళ్లు ఎన్నో. చిప్పకు ఇంత విలువ ఇచ్చిన మనం లోపలి మాంసాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తినేవాళ్లు తీరప్రాంతాల్లో కొందరున్నారు, అంతే. కేరళవాళ్లు అలా వదల్లేదు. కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో గుల్లలు పట్టే పద్ధతికి 2014లో అంతర్జాతీయ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చేపలవేట అదే.

మాంసం రుచి సంగతికి వస్తే, అందులోనూ రసాయనశాస్త్రం ఉంది. సముద్రపు ఉప్పు తన కణాల్లోంచి నీటిని లాగేయకుండా గుల్ల ఒక ఏర్పాటు చేసుకుంటుంది. గ్లైసిన్, అలనిన్, టారిన్ లాంటి చిన్న అణువులను కణాల్లో నింపుకుని బయటి ఉప్పుకు సరితూకం పెడుతుంది. వీటిలో గ్లైసిన్, అలనిన్ నాలుక మీద తియ్యగా తగులుతాయి. గుల్లమాంసంలోని ఆ లేత తీపి చక్కెరది కాదు, ఉప్పునీళ్లలో బతకడానికి అది చేసుకున్న సర్దుబాటుది.

పెనం మీద వేస్తే ఒకటి రెండు నిమిషాల్లో దించేయాలి. 60, 70 డిగ్రీలు దాటిందంటే కండలోని ప్రొటీన్లు ముడుచుకుని నీళ్లు పిండేస్తాయి, ముక్క రబ్బరులా సాగుతుంది. స్పెయిన్‌లో ఈ గుల్లను ఉప్పునీళ్లలో డబ్బా కట్టి కూడా అమ్ముతారు. ఆ డబ్బాలో కథ వేరు. అక్కడ అంతకన్నా ఎక్కువ వేడి, తడిలో, చాలాసేపు తగులుతుంది. కండరాలను కట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జిలాటిన్ అవుతుంది. గట్టిపడిన ముక్క మళ్లీ మెత్తబడుతుంది, చుట్టూ ఉన్న ఉప్పునీరు చిక్కటి రసమవుతుంది. మూత తీస్తే ఏనుగుదంతం రంగులో పొడుగాటి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఒక కొస బిగువుగా ఉంటే పాదం, రెండో కొస పలచగా ముడతలు పడి ఉంటే గొట్టాలు. డబ్బా మీద 4/6 అని అచ్చేసి ఉంటే లోపల నాలుగు నుంచి ఆరు ముక్కలని లెక్క. అంకె తగ్గేకొద్దీ గుల్ల పెద్దది, ధర కూడా.

ఫ్యాక్టరీలో ముందుగా బతికున్న గుల్లలను శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఉంచుతారు, పొట్టలో ఉన్న ఇసుకను అవే కక్కేస్తాయి. ఆవిరి పట్టి చిప్పలు విప్పుతారు. మిగిలిన ఇసుకను, పనికిరాని భాగాలను చేత్తో తీసేసి, చేత్తోనే పేరుస్తారు. ఉప్పునీళ్లు పోసి, మూత బిగించి, ఒత్తిడి మీద ఆవిరి పెడతారు. గలీసియాలో డబ్బాల ఫ్యాక్టరీలు ముందు సార్డీన్ చేపల కోసం వచ్చాయి. గొడాయ్ కుటుంబం 1879లో అరౌసా ద్వీపంలో పెట్టిన ఫ్యాక్టరీని ఆ ప్రాంతంలో మొదటిదిగా చెబుతారు. 1904కల్లా వీగో నగరం కేంద్రంగా తయారీదారుల సంఘమే ఏర్పడింది.

ఉప్పు, నీళ్లు, గుల్ల. ఇంకేమీ లేదు. పులుపు లేదు, నిల్వమందు లేదు. ఆ డబ్బా ఫ్రిజ్ ముఖం చూడకుండా ఏళ్ల తరబడి ఎలా నిలుస్తోంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికింది కూడా గుల్లల డబ్బాల దగ్గరే. ఆహారవిజ్ఞాన చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన ఘట్టాలు తక్కువనే నేననుకుంటాను.

వేడిచేసి, గాలి చొరకుండా మూసి నిల్వచేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ కనిపెట్టాడు. 1810లో పుస్తకమూ రాశాడు. ఆయన సీసాలు వాడితే, అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాలకు పేటెంటు తీసుకున్నాడు. తిండి ఎందుకు నిలుస్తోందో ఇద్దరికీ తెలియదు. సూక్ష్మజీవుల వల్లే పాడవుతుందని పాశ్చర్ తేల్చేసరికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా ఎంత వేడి, ఎంతసేపు అన్నది ఫ్యాక్టరీ మేస్త్రీల అనుభవం మీదే నడిచింది. కొన్ని విడతలు బాగుండేవి, కొన్ని ఉబ్బిపోయేవి.

1895లో బోస్టన్‌కు చెందిన విలియం లైమన్ అండర్‌వుడ్ తన కుటుంబ కంపెనీ గుల్లల డబ్బాలు ఉబ్బిపోతున్నాయని ఎం.ఐ.టి. తలుపు తట్టాడు. గుల్ల తవ్వకం గుట్టు విప్పిన సంస్థ కూడా ఇదేనని పైన చెప్పాను. ఈ రెండు సంఘటనల మధ్య 117 ఏళ్లున్నాయి. అప్పటికి యువకుడైన శామ్యూల్ ప్రెస్కట్ అనే బ్యాక్టీరియా శాస్త్రవేత్త, అండర్‌వుడ్ కలిసి ఉబ్బిన డబ్బాలు తెరిచి చూశారు. మరిగే నీళ్ల వేడికి లొంగని బ్యాక్టీరియా బీజాలు కనిపించాయి. కొన్ని బ్యాక్టీరియాలు గడ్డుకాలం వస్తే నీటిని దాదాపు వదిలేసుకుని, గట్టి పొరల మధ్య తమ జన్యుపదార్థాన్ని దాచుకుని బీజాలుగా మారతాయి. మంచిరోజులు రాగానే మళ్లీ మొలకెత్తుతాయి. ఈ బీజాలను చంపాలంటే ఒత్తిడి మీద ఆవిరి కావాలి. ప్రెస్కట్, అండర్‌వుడ్ తేల్చిన అంకె 250 డిగ్రీల ఫారన్‌హీట్, పది నిమిషాలు. మన లెక్కలో 121 డిగ్రీల సెల్సియస్. కనిపెట్టినదాన్ని కంపెనీ రహస్యంగా దాచుకోకుండా అందరికీ తెలిసేలా ప్రచురించారు. ఆ పెద్దమనసుకు లోకమంతా రుణపడి ఉంది.

బెల్జియంలో సరిగ్గా ఆ 1895లోనే, ఎల్సెల్ అనే ఊళ్లో హ్యామ్ తిన్నవాళ్లకు పక్షవాతం లాంటి జబ్బు వచ్చింది, కొందరు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ దాని వెనకున్న బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని క్లోస్ట్రిడియం బొటులినమ్ అంటున్నాం. గాలి తగిలితే ఇది పెరగదు. గాలి లేని, తడి ఉన్న, పులుపు లేని చోటంటే దీనికి పండగ. మూసిన డబ్బా దీనికి అచ్చంగా అలాంటి చోటు. అమెరికాలో 1919లో డబ్బాల్లో, సీసాల్లో నిల్వచేసిన ఆలివ్ కాయలు తిని కొందరు చనిపోయాక, కాలిఫోర్నియాలో ఎస్టీ, మేయర్ అనే శాస్త్రవేత్తలు 1922లో ఈ బీజాలు ఏ వేడికి ఎంతసేపు తట్టుకుంటాయో కొలిచి పట్టిక కట్టారు.

ఆ కొలతల మీద ఇప్పటికీ నడుస్తున్న లెక్క ఇది. 121 డిగ్రీల దగ్గర బొటులినమ్ బీజాలు పదోవంతుకు తగ్గడానికి 0.21 నిమిషం పడుతుంది, అంటే 13 సెకన్లు కూడా కాదు. ఇలా పన్నెండుసార్లు పదోవంతుకు తగ్గించాలన్నది నియమం. లక్ష కోట్ల బీజాలుంటే ఒక్కటి మిగిలేటంత. దానికి రెండున్నర నిమిషాలు చాలు. డబ్బా నడిమధ్యన ఉన్న ముక్కకు ఆ వేడి తగలాలి కాబట్టి, ఫ్యాక్టరీలో అసలు సమయం చాలా ఎక్కువ పడుతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే సమయం పదిరెట్లు పెరుగుతుంది. మన ప్రాంతంలో దీన్ని వేసి చూస్తే విషయం బాగా బోధపడుతుంది. సముద్రమట్టంలో ఉన్న కాకినాడలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. అక్కడ మూత లేని గిన్నెలో డబ్బాను మరగబెట్టి ఇదే ఫలితం సాధించాలంటే సుమారు అయిదున్నర గంటలు పడుతుంది. హైదరాబాద్ ఉత్తర శివార్లలో, మేడ్చల్, శామీర్‌పేట మధ్య ఉన్న దేవరయాంజాల్ అయిదారువందల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. ఆ రెండు డిగ్రీల తేడాకే లెక్క ఎనిమిది గంటలు దాటిపోతుంది. వంటింటి కుక్కర్‌లో విజిల్ బరువు నీటి మరుగుస్థానాన్ని 120 దగ్గరికి చేరుస్తుంది కాబట్టే పప్పు అంత తొందరగా ఉడుకుతుంది. సూత్రం ఒకటే అయినా, ఇంట్లో కుక్కర్‌తో మాంసం డబ్బాలు కట్టొద్దు. డబ్బా మధ్యలో వేడి ఎంతకు చేరిందో కొలిచే సాధనం మన దగ్గర ఉండదు.

మరి ఆవకాయ ఏ ఆవిరీ లేకుండా ఏడాది ఎలా నిలుస్తోంది? పులుపు వల్ల. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పి.హెచ్. కొలత 4.6 కన్నా తక్కువ ఉంటే బొటులినమ్ బీజం మొలకెత్తి పెరగలేదు. మామిడి, చింత, గోంగూర అన్నీ అంతకన్నా పుల్లన. వాటికి తోడు ఉప్పు. స్పెయిన్‌వాళ్లు సముద్రపు ఆల్చిప్పలను వెనిగర్ పులుసులో డబ్బా కట్టే పద్ధతిలోనూ ఇదే రక్షణ ఉంది. రొయ్యల పచ్చడి, చేపల పచ్చడి పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది, బొటులినమ్‌కు కావలసిందీ అదే. అక్కడ కాపాడేది నిమ్మరసమూ ఉప్పూ. ఆ రెండూ తగ్గించి నూనె పెంచితే ప్రమాదం పెరుగుతుంది. ఉప్పునీటి నవాహాలకు పులుపు ఆసరా కూడా లేదు. మొత్తం భారం వేడి మీదే.

ఆ వేడికీ లొంగనిది ఒకటుంది. కొన్ని రకాల నాచు కణాలు విషం తయారుచేస్తాయి, వాటిని తిన్న గుల్లలో అది పోగవుతుంది. 1976లో గలీసియా ఆల్చిప్పలు తిని ఐరోపాలో పలు దేశాల్లో జనం జబ్బుపడ్డారు. నరాలను మొద్దుబార్చే ఆ సాక్సిటాక్సిన్‌ను మామూలు వంట నాశనం చేయలేదు. డబ్బా కట్టినా నమ్మకం పెట్టుకోలేం. అందుకే గలీసియాలో ప్రభుత్వ సంస్థ రియాల నీటిని, గుల్లల మాంసాన్ని ఎప్పటికప్పుడు పరీక్షిస్తుంది. విషం హద్దు దాటితే ఆ చోట వేట మూసేస్తారు. మన కాకినాడ గుల్లలు రేపు డబ్బాలకెక్కాలన్నా ముందు కావలసింది ఆ పరీక్షే. ఫ్యాక్టరీ తర్వాత సంగతి.

దేవరయాంజాల్ చుట్టూ, నాగపూర్ హైవేకూ కరీంనగర్ రోడ్డుకూ మధ్య, గోదాములు వరసగా ఉన్నాయి. నగరానికి సరుకు ఇలాంటి చోట్లనుంచే వెళుతుంది. రేకు కప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో అక్కడ మూటలు మోసేవాళ్లను అడగాలి. డబ్బా సరుకుకు ఆ వేడి పట్టదని చాలామంది అనుకుంటారు. డబ్బాలో ఒక్క బీజం కూడా ఉండదన్న అభిప్రాయం వల్ల వచ్చిన పొరపాటిది. వేడిని ప్రేమించే కొన్ని బ్యాక్టీరియాల బీజాలు బొటులినమ్ కన్నా మొండివి, మామూలు ఫ్యాక్టరీ వేడికి కొన్ని బతికిపోతాయి. డబ్బా 30, 35 డిగ్రీల్లో ఉన్నంతకాలం అవి మొలకెత్తవు కాబట్టి సరుకు నిక్షేపంగా ఉంటుంది. 45 దాటిన వేడిలో వారాల తరబడి పడి ఉంటే మాత్రం లేచి పెరుగుతాయి. జబ్బు తేవు కానీ లోపలిది పులిసిపోతుంది. వాయువు పుట్టించవు కాబట్టి డబ్బా ఉబ్బదు, పైకి చూస్తే తెలియదు. వేడి దేశాలకు పోయే డబ్బాలను ఇంకా గట్టిగా ఉడికించే పద్ధతి ఇందుకే ఉంది. ఉబ్బిన డబ్బా సంగతి వేరు. దాన్ని రుచి కూడా చూడకుండా పారేయాలి.

ఆ మొండి బ్యాక్టీరియాల్లో ఒకదాన్ని 1920లో డోంక్ అనే శాస్త్రవేత్త పాడైన మొక్కజొన్న డబ్బాల్లో కనిపెట్టాడు. ఇప్పటి పేరు జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్. డబ్బాలవాళ్లకు తలనొప్పి అయిన ఈ జీవి ఔషధ పరిశ్రమకు ఉపకారి అయింది. దేవరయాంజాల్ నుంచి తూంకుంట మీదుగా శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. 1999లో మొదలైన ఈ ప్రాంతంలో తుర్కపల్లిలో భారత్ బయోటెక్, కొల్తూరులో బయోలాజికల్ ఇ. లాంటి వ్యాక్సిన్ సంస్థలున్నాయి. వ్యాక్సిన్ తయారీలో వాడే పాత్రలను, గొట్టాలను, ద్రావణాలను ఆటోక్లేవ్ అనే ఒత్తిడి పాత్రలో ఆవిరి పట్టి శుద్ధి చేస్తారు. ఫార్మకోపియాలనే ఔషధ ప్రమాణ గ్రంథాలు చెప్పే ప్రామాణిక పద్ధతి 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఎంత వేడి తగిలిందో లెక్కించడానికి వాడే ఎఫ్-సున్నా అనే కొలత డబ్బాల పరిశ్రమనుంచే ఔషధరంగంలోకి వచ్చింది. ఆటోక్లేవ్ సరిగా పనిచేసిందో లేదో చూడటానికి ఈ మొక్కజొన్న డబ్బాల బ్యాక్టీరియా బీజాలనే లోపల పెడతారు. అన్నిటికన్నా మొండిది చచ్చిందంటే మిగతావి బతికి ఉండవన్న ధీమా. ఆవిరి పట్టడం అయ్యాక ఆ బీజాలున్న చిన్న గొట్టాన్ని 55, 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. లోపలి ఊదారంగు ద్రవం ఊదాగానే ఉంటే బీజాలు చచ్చినట్టు. పసుపుకు తిరిగితే ఏదో బతికి ఆమ్లం తయారుచేస్తున్నట్టు. అప్పుడు ఆ విడత సామాను పక్కన పెట్టి, ఆవిరి ఎక్కడ అందలేదో వెతుకుతారు.